పీహెచ్‌డీ తర్వాత పెద్దవాళ్లకు పాఠాలు రూపొందించే పని: కంపెనీయా, ప్రభుత్వ సంస్థా, సేవా సంస్థా?

ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) కింద నెలకు 42,000 రూపాయలు, దానిమీద హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) వస్తున్నంత కాలం ఇల్లు గడుస్తుంది. అది ఆగిపోయాక మొదలవుతుంది అసలు టెన్షన్. రెగ్యులర్ పోస్టుల నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో తెలియదు, ఈలోపు గెస్ట్ ఫ్యాకల్టీగా పీరియడ్ లెక్కన డబ్బులు. ఈ పరిస్థితిలో ఉన్న పరిశోధకుల్లో చాలామంది ఇప్పుడు ఒక పని వైపు చూస్తున్నారు. ఉద్యోగాల్లో, దుకాణాల్లో, పొలాల్లో ఉన్న పెద్దవాళ్లకు తమ పని ఇంకా బాగా చేయడం నేర్పే కోర్సులు, వర్క్‌షాపులు, ఆన్‌లైన్ పాఠాలు రూపొందించడం. ఇన్‌స్ట్రక్షనల్ డిజైనర్, లెర్నింగ్ ఎక్స్‌పీరియన్స్ డిజైనర్, కరిక్యులం కన్సల్టెంట్, ట్రైనింగ్ అసోసియేట్ అని రకరకాల పేర్లతో ప్రకటనలు వస్తాయి. పేరు చూసి ఏదీ తేల్చుకోకండి. ఒకే పేరుతో రెండు చోట్ల పూర్తిగా వేరే పనులు ఉంటాయి.

ఏ చోటు ఎవరికి నప్పుతుందో తేల్చడానికి నేను రెండే ప్రశ్నలు వాడతాను. పాఠం రాయకముందు, నేర్చుకోబోయే మనుషులను కలవనిస్తారా? పాఠం అయిపోయాక వాళ్ల పనిలో ఏం మారిందో చూడనిస్తారా? జీతం, ఊరు, పోస్టు భద్రత ముఖ్యమే. కానీ పరిశోధనలో రాటుదేలిన మనిషికి ఈ రెండూ దొరకని చోట రెండేళ్లు తిరిగేసరికి పని మీద ఆసక్తి చచ్చిపోతుంది. నేను చూసినంతలో ఈ రంగంలోకి వచ్చి వెనక్కి వెళ్లిపోయినవాళ్లలో ఎక్కువమంది జీతం గురించి కాదు, దీని గురించే బాధపడ్డారు.

ముందు ఈ పని ఎలా ఉంటుందో దగ్గర నుంచి చూద్దాం

హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో ఉన్న జాతీయ వ్యవసాయ విస్తరణ నిర్వహణ సంస్థ ‘మేనేజ్’ ఎరువులు, పురుగుమందుల డీలర్ల కోసం 2003లో ‘దేశీ’ అనే ఏడాది డిప్లొమా మొదలుపెట్టింది. 48 వారాలు, వారానికి ఒక్క రోజు, అది కూడా దుకాణం మూసి ఉండే సెలవు రోజున. 40 క్లాసులు, 8 క్షేత్ర సందర్శనలు. కోర్సు ఆకారం ఇలా ఉండటానికి కారణం డీలర్ జీవితమే. సీజన్‌లో వారం పాటు షాపు కట్టేసి వచ్చి కూర్చోమంటే ఎవరూ రారు. పెద్దవాళ్లకు చదువు రూపొందించడమంటే మొదట వాళ్ల క్యాలెండర్ తెలుసుకోవడం.

ఇప్పుడు అలాంటి డీలర్లకు మిరపలో ఆకుముడత మీద ఒక గంట పాఠం తయారుచేయాలనుకోండి. కీటకశాస్త్రంలో పీహెచ్‌డీ చేసినవాళ్లు రాసే మొదటి ప్రతి ఎలా ఉంటుందో ఊహించవచ్చు. తామర పురుగు శాస్త్రీయ నామం, జీవితచక్రం, ఏ దశలో ఎంత నష్టం, మందుల వర్గీకరణ, చివర్లో ప్రశ్నలకు పది నిమిషాలు. అందులో తప్పేమీ ఉండదు. కానీ డీలర్ రోజూ ఎదుర్కొనేది వేరు. రైతు ఒక ఆకు తెచ్చి కౌంటర్ మీద పెట్టి ‘ముడత వచ్చింది, మందివ్వన్నా’ అంటాడు. వెనక ఇంకో నలుగురు నిలబడి ఉంటారు.

కాబట్టి పాఠం ఆ కౌంటర్ దగ్గరే మొదలవ్వాలి. క్లాసులోకి మూడు ఆకులు తీసుకెళ్లాలి. ఒకదాని అంచులు పైకి ముడుచుకుని పడవలా ఉంటాయి, అది తామర పురుగు పని. రెండోదాని అంచులు కిందికి ముడుచుకుని తిరగేసిన పడవలా ఉంటాయి, కాడ సాగి ఉంటుంది, అది తెల్లనల్లి. మూడోది తెల్లదోమ మోసుకొచ్చిన వైరస్ సోకిన మొక్కది. ఏమీ చెప్పకముందే ‘ఏ ఆకుకు ఏ మందిస్తారో రాయండి’ అనాలి. రాసినవి పక్కపక్కన పెట్టినప్పుడు వాదన మొదలవుతుంది. పై ముడతకు ఇచ్చే మందుల్లో చాలావాటికి నల్లి లొంగదని, వైరస్ లోపలికి వెళ్లిన మొక్కను ఏ మందూ బాగుచేయదని, తెల్లదోమను ఆపి మిగతా మొక్కలను కాపాడుకోవడమే మార్గమని అప్పుడు చెబితే ఆ మాట నిలుస్తుంది. జీవితచక్రం కూడా ఆ తర్వాతే వస్తుంది, ఎన్ని రోజులకు మళ్లీ కొట్టాలన్న ప్రశ్నకు జవాబుగా.

పరిశోధకుడి జ్ఞానం ఇక్కడ వృథా కాలేదు. ఏ మూడు ఆకులు తేవాలో ఎంచుకోవడానికే ఆ జ్ఞానమంతా ఖర్చయింది. విషయమంతా చెప్పెయ్యాలన్న కోరికను తగ్గించుకుని, అవతలి మనిషి తీసుకోవలసిన నిర్ణయం దగ్గర పాఠం కట్టడం మీకు ఆనందంగా అనిపిస్తే ఈ రంగం మీది. విషయంలో లోతుకు వెళ్లడమే మీకు ప్రాణమైతే మాత్రం పోస్ట్‌డాక్‌నో, కంపెనీల్లోని పరిశోధన విభాగాలనో ప్రయత్నించడం మేలు.

కంపెనీలు: ఒకటి కాదు, మూడు వేర్వేరు పనులు

హైదరాబాద్‌లో ఎక్కువ ఖాళీలు కనిపించేది ఇక్కడే. ‘కార్పొరేట్’ అని అన్నిటినీ ఒకే గాట కట్టకూడదు.

మొదటిది, ఇతర కంపెనీల కోసం ఈ-లెర్నింగ్ మాడ్యూళ్లు చేసిపెట్టే సర్వీస్ సంస్థలు. క్లయింట్ దగ్గర్నుంచి పీపీటీలు, పాలసీ డాక్యుమెంట్లు వస్తాయి. మీరు స్టోరీబోర్డ్ రాస్తారు. ఒక కాలమ్‌లో తెర మీద కనిపించేది, పక్క కాలమ్‌లో వినిపించే వాయిస్, ఇంకో కాలమ్‌లో డెవలపర్‌కు సూచనలు. ఎస్‌ఎంఈ (ఆ విషయంలో నిపుణులు) చూస్తారు, క్లయింట్ చూస్తారు, ఆర్టిక్యులేట్ స్టోరీలైన్, రైజ్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో మాడ్యూల్ తయారవుతుంది, స్కార్మ్ అనే ప్రామాణిక ఫార్మాట్‌లో ప్యాకేజీగా ఎల్‌ఎంఎస్‌లోకి, అంటే ఉద్యోగులు కోర్సులు చేసే ఆన్‌లైన్ వేదికలోకి వెళ్తుంది. ఎంతమంది పూర్తిచేశారన్న లెక్క తప్ప తర్వాత ఏమైందో మీ దాకా రాదు. నా రెండు ప్రశ్నలకూ ఇక్కడ జవాబు సాధారణంగా ‘లేదు’ అనే. కార్యాలయాల్లో లైంగిక వేధింపుల నిరోధక చట్టం, సమాచార భద్రత లాంటి తప్పనిసరి కోర్సులు ఏటా మళ్లీ మళ్లీ చేయాల్సి వస్తాయి. అయినా మొదటి ఉద్యోగంగా వీటిని నేను తీసిపారేయను. క్లుప్తంగా రాయడం, గడువుకు ఇవ్వడం, తమ రాతను ఇంకొకరు దిద్దుతుంటే నొచ్చుకోకుండా వినడం ఇంత త్వరగా నేర్పే చోటు ఇంకొకటి లేదు. ఏడాదిన్నర, రెండేళ్లు ఉండి నేర్చుకుని కదలడం మంచిది.

రెండోది, పెద్ద కంపెనీల సొంత శిక్షణ విభాగాలు. నేర్చుకునేవాళ్లు అదే బిల్డింగ్‌లో ఉంటారు, వెళ్లి పక్కన కూర్చుని పని చూడవచ్చు. కాల్ సెంటర్‌లో కొత్తగా చేరినవాళ్లు ఏ కాల్ దగ్గర తడబడుతున్నారో రికార్డింగ్ వింటే తెలిసిపోతుంది, పాఠం తర్వాత అది తగ్గిందో లేదో కూడా అక్కడే తెలుస్తుంది. ఇంటర్వ్యూలు, పరిశీలన అలవాటున్న సామాజిక శాస్త్రాలవాళ్లకు ఇది చాలా బాగా కుదురుతుంది. చిక్కల్లా, అనుభవం లేనివాళ్లను నేరుగా తీసుకోవడం తక్కువ.

మూడోది ఎవరూ పెద్దగా చెప్పనిది, మందుల కంపెనీల ప్లాంట్లలో శిక్షణ. పాశమైలారం, జీడిమెట్ల, పరవాడ ఫార్మాసిటీ లాంటి చోట్ల కెమిస్ట్రీ, ఫార్మసీ, మైక్రోబయాలజీ పీహెచ్‌డీలకు సహజంగా అమరే పని ఇది. అమెరికాకు మందులు పంపే ప్లాంటులో ప్రతి ఉద్యోగికీ తన పనికి తగ్గ శిక్షణ ఉండాలన్నది అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ నిబంధన. తనిఖీకి వచ్చినప్పుడు శిక్షణ రికార్డులు అడుగుతారు. ఈ ఒత్తిడి వల్ల చాలాచోట్ల శిక్షణ అంటే ఎస్‌ఓపీ (పని చేయాల్సిన పద్ధతిని రాసిన పత్రం) చేతికిచ్చి ‘చదివాను, అర్థమైంది’ అని సంతకం పెట్టించుకోవడంగా మారిపోయింది. నైట్ షిఫ్టులో ఉన్న ఆపరేటర్ ఆ ఇంగ్లిష్ ఎస్‌ఓపీలో ఎంత అర్థం చేసుకున్నాడో సంతకం చెప్పదు. స్టెరైల్ గదిలోకి వెళ్లేముందు గౌను వేసుకునే పద్ధతి చేసి చూపించి, చేయించి, తర్వాత గౌను మీద నుంచి నమూనా తీసి సూక్ష్మజీవుల పరీక్ష చేస్తే ఫలితం కళ్ల ముందే ఉంటుంది. నేర్పినది పనిలోకి వెళ్లిందా అన్నది ఇంత సూటిగా కొలవగలిగే రంగాలు తక్కువ. సైన్స్‌వాళ్లు ఐటీ కంపెనీల వైపే చూస్తూ దీన్ని వదిలేయడం నాకు బాధగా ఉంటుంది.

ప్రభుత్వ శిక్షణ సంస్థలు

ఈ విషయంలో హైదరాబాద్‌కు ఉన్న వసతి చాలా నగరాలకు లేదు. 1958లో ముస్సోరీలో మొదలై 1965లో ఇక్కడికి వచ్చిన సంస్థే ఇప్పటి జాతీయ గ్రామీణాభివృద్ధి, పంచాయతీరాజ్ సంస్థ. దాని పక్కనే మేనేజ్. జూబ్లీహిల్స్‌లో మర్రి చెన్నారెడ్డి మానవ వనరుల అభివృద్ధి సంస్థ. 1982లో మొదలైన దేశపు తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం, నేటి డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం కూడా ఇక్కడిదే. పెద్దవాళ్లు పని చేసుకుంటూ ఎలా చదువుతారన్న దాంట్లో దానికున్న అనుభవం చాలా ఎక్కువ. ఇవి కాక, కేంద్రం 2020లో ఆమోదించిన మిషన్ కర్మయోగి అనే శిక్షణ కార్యక్రమం కింద ఐగాట్ అనే ఆన్‌లైన్ వేదిక మీద ప్రభుత్వ ఉద్యోగుల కోసం ఆన్‌లైన్ కోర్సులు తయారవుతున్నాయి.

ఇక్కడ మొదటి ప్రశ్నకు జవాబు బాగుంటుంది. పంచాయతీ కార్యదర్శులు, ఎంపీడీఓలు, వ్యవసాయ అధికారులు మీ ముందుకే వస్తారు. టీ విరామంలో పది నిమిషాలు మాట్లాడితే ఏ రిజిస్టర్ దగ్గర ఇబ్బంది పడుతున్నారో చెప్పేస్తారు. యూనివర్సిటీ వాతావరణానికి దగ్గరగా ఉంటుంది, లైబ్రరీ ఉంటుంది, అధ్యయనం చేసి రాసే అవకాశమూ ఉంటుంది. పరిశోధనను పూర్తిగా వదులుకోలేనివాళ్లకు ఇంతకంటే దగ్గరి చోటు లేదు.

బలహీనత రెండో ప్రశ్న దగ్గర. చివరి రోజు మధ్యాహ్నం ఫీడ్‌బ్యాక్ ఫారం నింపుతారు, సర్టిఫికెట్లు, గ్రూప్ ఫొటో, అంతే. డొనాల్డ్ కర్క్‌పాట్రిక్ 1959లోనే శిక్షణ ఫలితాన్ని నాలుగు మెట్లుగా చూడమన్నాడు: నచ్చిందా, నేర్చుకున్నారా, పనిలో మార్పు వచ్చిందా, సంస్థకు ఫలితం దక్కిందా. మన సంస్థల్లో ఎక్కువ భాగం మొదటి మెట్టు మీదే ఆగిపోతుంది. భోజనం బాగుందా, హాస్టల్ బాగుందా అన్న వాటికీ అదే ఫారంలో మార్కులు. మూడు నెలల తర్వాత ఇరవై మందికి ఫోన్ చేసి అడుగుదామంటే దానికి బడ్జెట్ లైన్ ఉండదు. ఇంకో సంగతి, కొత్తవాళ్లకు దొరికేవి ఎక్కువగా ప్రాజెక్టు పోస్టులు, కాంట్రాక్టులు. ప్రాజెక్టు ఎన్నాళ్లు, పొడిగింపు ఎవరి చేతిలో అన్నది చేరకముందే అడగాలి. ‘గవర్నమెంటు కదా’ అని ఇంట్లోవాళ్లు సంతోషపడతారు కానీ కాగితం మీద ఏముందో మీరు చదవాలి.

సేవా సంస్థలు, ఆసుపత్రులు, పొలంబడులు

నా మొగ్గు ఎటో దాచను. రెండు ప్రశ్నలకూ ‘అవును’ అనే జవాబు ఎక్కువగా వినిపించేది ఇక్కడే.

ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి సంగతే తీసుకోండి. స్కూలు చదువు పూర్తిచేసిన స్థానిక యువతకు ఏడాది శిక్షణ ఇచ్చి విజన్ టెక్నీషియన్లుగా పల్లెల్లోని కంటి కేంద్రాల్లో పెడుతుంది. ఆ శిక్షణ సరిగా ఉందో లేదో తెలియాలంటే కేంద్రానికి వెళ్లి, ఎవరిని పై ఆసుపత్రికి పంపారో, పంపాల్సినవాళ్లను ఎవరిని వదిలేశారో చూస్తే చాలు. ఆంధ్రప్రదేశ్ ప్రకృతి వ్యవసాయ కార్యక్రమంలో బోధకులు రైతులే, సాగు చేసి చూపించినవాళ్లే పక్క ఊరికి వెళ్లి చెబుతారు. ఇండోనేషియాలో 1989లో వరి రైతులతో మొదలైన ఫార్మర్ ఫీల్డ్ స్కూల్ పద్ధతి మన దగ్గర ‘పొలంబడి’ అయింది. సీజన్ పొడవునా అదే మడి దగ్గర కలవడం, పురుగులు లెక్కపెట్టడం, మిత్ర పురుగులు ఎన్ని, శత్రు పురుగులు ఎన్ని అని చూసి మందు కొట్టాలో వద్దో రైతులే తేల్చుకోవడం. పాఠం, పరీక్ష, ఫలితం మూడూ ఒకే గట్టు మీద జరుగుతాయి.

పెద్దల చదువు ఎంత దూరం వెళ్లగలదో తెలియాలంటే మన నెల్లూరు కథ చాలు. 1990ల మొదట్లో అక్కడి అక్షరాస్యత ఉద్యమంలో రాత్రి బడి వాచకంలో సారా వల్ల కుటుంబం నాశనమైన సీతమ్మ కథ ఉంది. దూబగుంట మహిళలు దాన్ని చదివి, తమ ఇళ్ల సంగతి మాట్లాడుకుని, సారా అమ్మకాలను అడ్డుకున్నారు. 1992 నాటికి అది జిల్లాలు దాటిన ఉద్యమం. 1993 అక్టోబరులో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. పాఠమే ఉద్యమాన్ని పుట్టించిందని నేను అనను, ఆ కోపం ఆడవాళ్లలో అప్పటికే ఉంది. కానీ ఆ పాఠం రాసినవాళ్లు చదవబోయేవాళ్ల బాధ ఏమిటో ముందు తెలుసుకున్నారు. అ ఆ లు నేర్పడానికి వేరే ఏ కథైనా పెట్టి ఉండవచ్చు. వాళ్లు దాన్నే ఎంచుకున్నారు.

ఇబ్బందులూ చెప్పాలి. జీతం తక్కువ, కొన్నిచోట్ల ఎస్‌ఆర్‌ఎఫ్ కంటే తక్కువ. నిధులిచ్చేవాళ్లు మారితే పని దిశ మారుతుంది. మీ సమయంలో గణనీయమైన భాగం రిపోర్టులకు పోతుంది. ప్రయాణాలు ఎక్కువ, చిన్నపిల్లలున్న ఇంటికి అది తేలిక కాదు. ఇంట్లో ఇంకొక స్థిరమైన సంపాదన ఉన్నవాళ్లకు ఈ దారిని ధైర్యంగా సిఫారసు చేస్తాను. అప్పులున్నవాళ్లకు ముందు కంపెనీ, తర్వాత ఇది.

మిగిలిన దారులు, టూకీగా

ఆన్‌లైన్ కోర్సుల రంగంలో 2003లో మొదలైన ఎన్‌పీటెల్, 2017లో వచ్చిన స్వయం లాంటి ప్రభుత్వ వేదికలు ఒకవైపు, ఉద్యోగులకు కొత్త నైపుణ్యాలు అమ్మే ప్రైవేటు కంపెనీలు ఇంకోవైపు. ప్రైవేటులో నియామకాలు ఎంత వేగంగా పెరుగుతాయో అంత వేగంగా ఆగిపోతాయి. అయితే వేలమంది ఏ వీడియో దగ్గర వదిలేశారో చూపించే డేటా దొరుకుతుంది, గణాంకాలు ఇష్టపడేవాళ్లకు అది పెద్ద ఆకర్షణ. చేరేముందు ఆ డేటా డిజైనర్ చేతికి వస్తుందా, మార్కెటింగ్ టీమ్ దగ్గరే ఉంటుందా అని అడగండి.

ఫ్రీలాన్స్ మొదటి మెట్టుగా వద్దు. పని తెచ్చిపెట్టే పరిచయాలు లేకుండా మొదలుపెడితే స్లైడ్లు అందంగా దిద్దే పని తప్ప డిజైన్ పని రాదు.

అమెరికాలో పోస్ట్‌డాక్ చేస్తున్న తెలుగువాళ్లకు వేరే లెక్క ఉంది. యూనివర్సిటీలకు హెచ్1బీ (ఉద్యోగ వీసా) వార్షిక పరిమితి వర్తించదు. కంపెనీ శిక్షణ విభాగానికి మారాలంటే సాధారణంగా ఆ పరిమితిలోకి, అంటే లాటరీలోకి రావాలి. అందుకని చాలా యూనివర్సిటీల్లో ఉండే బోధనా కేంద్రాల్లో, అధ్యాపకులకు పాఠాల రూపకల్పనలో తోడ్పడే పోస్టులు ముందు చూడటం తెలివైన పని.

పరిశోధన నుంచి ఏం తెచ్చుకోవాలి, ఏం వదిలేయాలి

ఇంటర్వ్యూ చేయడం, విన్నదాన్ని వర్గీకరించడం, ఆధారం లేని మాటను గుర్తుపట్టడం, ఈ మూడూ మీ ఆస్తి. ఈ రంగంలో ఆధారం లేని మాటలు చాలా తిరుగుతుంటాయి. ‘కొందరు చూసి నేర్చుకుంటారు, కొందరు విని నేర్చుకుంటారు, ఎవరి శైలికి తగ్గట్టు వాళ్లకు పాఠం ఇవ్వాలి’ అన్నది ఇప్పటికీ ఎన్నో శిక్షణల్లో వినిపిస్తుంది. ఆ వాదనకు సరిపడా ఆధారాలు లేవని 2008లోనే మనస్తత్వ శాస్త్రవేత్తలు సమీక్షించి చెప్పారు. మరోవైపు, రోడిగర్, కార్పికీ 2006లో చేసిన ప్రయోగం నేరుగా పనికొస్తుంది. పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవాళ్లు అయిదు నిమిషాల తర్వాత పరీక్షలో ముందున్నారు. వారం తర్వాత చూస్తే, చదివింది గుర్తుచేసుకుని రాసినవాళ్లు ముందున్నారు. కోర్సు చివరి రోజు పెట్టే పరీక్షను ఎందుకు నమ్మకూడదో క్లయింట్‌కు చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

వదిలేయాల్సింది, అంతా చదివాకే మొదలుపెట్టాలన్న పట్టుదల. రెండు వారాల్లో కోర్సు కావాలన్నప్పుడు అయిదుగురితో మాట్లాడి, ఒక ముతక ప్రతి చేసి, ముగ్గురి మీద ప్రయోగించి దిద్దుకోవడమే పద్ధతి.

నిర్ణయం తీసుకునే ముందు ఒక నమూనా పాఠం చేసి చూడండి. మీ థీసిస్‌లోని ఒకే ఒక్క విషయం తీసుకుని, దానితో నిజంగా పని ఉన్న ఒక వర్గం మనుషులకు ఇరవై నిమిషాల పాఠం కట్టండి. భూగర్భ జలాల మీద పనిచేశారా? బోరు వేయించబోయే రైతులకు. స్వయం సహాయక సంఘాల మీద చేశారా? సంఘం పుస్తకాలు రాసేవాళ్లకు. వాళ్లలో ఇద్దరు ముగ్గురి దగ్గరకు వెళ్లి చెప్పి, వారం తర్వాత మళ్లీ వెళ్లి అడగండి. తెలుగులో నేరుగా, ఉపన్యాసంలా కాకుండా, పనివాళ్ల మాటలో రాయగలిగితే అది మీ పోర్ట్‌ఫోలియోలో పెద్ద బలం. అంగన్‌వాడీ, ఆశా కార్యకర్తల దాకా వెళ్లే పాఠాలకు అలాంటి రచయితలు దొరకడం లేదు. సీవీలో ప్రచురణల జాబితా రెండు లైన్లకు కుదించి, ఈ నమూనాను పైన పెట్టండి. స్టోరీలైన్ లాంటి సాఫ్ట్‌వేర్‌కు ట్రయల్ ఉంటుంది, కోర్సులు పెట్టే వేదిక మూడ్ల్ ఉచితం. టూల్స్ వారాల్లో వస్తాయి. సర్టిఫికెట్ కోర్సులకు వేలకు వేలు పోసే ముందు ఈ నమూనా చేయండి.

ఇంటర్వ్యూ చివర్లో ‘మీరేమైనా అడగాలా?’ అన్నప్పుడు మొహమాటపడకండి. పోయిన ఏడాది చేసిన ఒక కోర్సు పేరు చెప్పమనండి, దానివల్ల పనిలో ఏం మారిందో ఎలా తెలుసుకున్నారో అడగండి. నేర్చుకునేవాళ్లను డిజైనర్ ఎప్పుడు కలుస్తారో అడగండి. ఇక్కడ చేసిన పనిని, పేర్లు తీసేసి అయినా సరే, తర్వాత పోర్ట్‌ఫోలియోలో చూపించుకోవచ్చా అన్నది ఆఫర్ లెటర్ మీద సంతకం చేయకముందే రాతపూర్వకంగా తీసుకోండి. చాలా సర్వీస్ సంస్థల ఒప్పందాల్లో దానికి అనుమతి ఉండదు. అలాంటి చోట చేరితే సొంత నమూనాలు సాయంత్రాలు చేసుకుంటూ ఉండాలి.